బోయిన్‌పల్లిలో కుళ్లిన టమాటాల కరెంటు

హైదరాబాద్‌లో పర్యావరణం మాట వస్తే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఫొటో పెడతారు. నన్నడిగితే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూడమంటాను. ముక్కు మూసుకునైనా సరే.

అమ్ముడుపోని టమాటాలు, కాబేజీ ఆకులు, నలిగిన వంకాయలు అన్నీ కలిపి అక్కడ రోజుకు సుమారు 10 టన్నుల చెత్త. దాన్ని గుజ్జు చేసి, గాలి చొరబడని ట్యాంకులో పులియబెట్టి బయోగ్యాస్ తీసే ప్లాంటు పెట్టారు. టెక్నాలజీ తార్నాకలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)ది.

సూత్రం ఊళ్లలో చూసే గోబర్ గ్యాస్‌దే. కానీ పేడతో ఉన్నంత సులువు కూరగాయలతో ఉండదు. బయోగ్యాస్‌లో మండేది మీథేన్. పేడలో దాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు ముందే ఉంటాయి. కూరగాయల్లో ఉండే చక్కెరలేమో ఎండాకాలం బయట వదిలేసిన ఇడ్లీ పిండిలా గబగబా పులిసిపోతాయి. పులుపు మితిమీరిందా, మీథేన్ జీవులు పని మానేస్తాయి. అవి అసలే నిదానంగా పెరిగే రకం. అందుకే ట్యాంకుకు ఎంత మేత, ఎప్పుడు వేయాలో లెక్క ఉండాలి, లోపలున్నది బాగా కలుస్తూ ఉండాలి. ఐఐసీటీ వాళ్లు ఆ కలిపే పనిని ట్యాంకులో పుట్టిన గ్యాస్‌తోనే చేయించారు. నాకు బాగా నచ్చిన తెలివి ఇదే.

2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పిన లెక్క ప్రకారం రోజుకు దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం వస్తాయి. కరెంటు మార్కెట్ దీపాలకు, ఇంధనం క్యాంటీన్ వంటకు. నిజం చెప్పాలంటే ఇంత పెద్ద ఊరికి 500 యూనిట్లు ఏ మూలకూ రావు. అసలు లాభం వేరే ఉంది. ఇదే చెత్త డంపింగ్ యార్డులో గుట్టల కింద గాలి ఆడక కుళ్లితే అక్కడా మీథేనే పుడుతుంది, కాకపోతే నేరుగా ఆకాశంలోకి పోతుంది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ. ట్యాంకులో పట్టి మండిస్తే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

మరి ప్రతి కాలనీలో ఒకటి పెట్టొచ్చుగా? మార్కెట్ చెత్తలో దాదాపు అంతా కూరగాయలే. మన ఇంటి బుట్టలో పాల కవర్లు, బ్యాటరీలు, డైపర్లు కూడా పడతాయి. కవర్లు గ్రైండర్‌కు చుట్టుకుంటాయి, గాజుముక్కలు ట్యాంకు అడుగున పేరుకుంటాయి. హాస్టల్ మెస్సులు, ఫంక్షన్ హాళ్లు అయితే కొంత నయం. అక్కడ ఒకేచోట బోలెడంత తిండి చెత్త దొరుకుతుంది, బిర్యానీ బొక్కలు ఏరేసే మనిషి ఒకరుంటే చాలు.