లామినేట్ మారిస్తే సిగ్నల్ బాగుపడుతుందా? హైస్పీడ్ బోర్డుల మీద అపోహలు – వాస్తవాలు

బరంపురంలో ఉంటూ బయటి కంపెనీలకు సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేయడం నా పని. పర్లాకిమిడి, గుణుపురం వైపు కాలేజీల నుంచి ప్రాజెక్టు పనిమీద వచ్చే మన తెలుగు పిల్లలు మొదట అడిగేది దాదాపు ఒకటే: “మాస్టారూ, సిగ్నల్ సరిగా రావడం లేదు. బోర్డు మెటీరియల్ మార్చేద్దామా?” ఆ మెటీరియలే లామినేట్, అంటే సిగ్నల్ నడిచే రాగి గీతలను (ట్రేసులను) మోసే షీటు. మార్చవలసిన సందర్భాలు లేకపోలేదు. కానీ నా దాకా వచ్చే బోర్డుల్లో ఎక్కువ వాటికి జబ్బు ఒకచోట ఉంటే మందు మరోచోట వేస్తున్నారు.

అపోహ: ఎఫ్ఆర్-4 ఒక పదార్థం, దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం 4.5.

డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఎంత పెరిగితే ఆ షీటు మీద సిగ్నల్ అంత నెమ్మదిస్తుంది. ఇక ఎఫ్ఆర్-4 అనేది గ్రేడు పేరు మాత్రమే. గాజుగుడ్డకు ఎపాక్సీ రెసిన్ పట్టించి, మంట అంటుకున్నా తనంతట ఆరిపోయేలా తయారు చేసిన రకరకాల లామినేట్లు ఆ పేరుతోనే చెలామణి అవుతాయి. గాజు స్థిరాంకం 6కు పైన ఉంటుంది, రెసిన్‌ది 3 చుట్టుపక్కల. కాబట్టి రెసిన్ పాలు పెరిగితే మొత్తం విలువ దిగుతుంది. ఒకే కంపెనీ, ఒకే రెసిన్ అయినా పలచని 106 గాజుగుడ్డతో చేసిన షీటుకూ, దళసరి 7628తో చేసిన షీటుకూ ఒకే అంకె రాదు. పైగా ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అది కొంత తగ్గుతుంది. కాలిక్యులేటర్‌లో కళ్ళు మూసుకుని 4.5 కొట్టి, 50 ఓమ్‌ల ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఉన్న లైను గీశామనుకుంటే ఆ 50 కాగితం మీదే ఉంటుంది. బోర్డు తయారు చేసేవారిని ముందే స్టాకప్ (పొరల అమరిక వివరం) అడగండి. ఏ షీటు, ఏ గాజుగుడ్డ, ఎంత రెసిన్ అన్నది వారి దగ్గర ఉంటుంది. అడగడానికి మొహమాటం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: క్లాక్ 100 మెగాహెర్ట్జ్ మాత్రమే, లామినేట్‌తో మనకు పనిలేదు.

చూడవలసింది క్లాక్‌ను కాదు, సిగ్నల్ అంచు (0 నుంచి 1కి మారే చోటు) ఎంత వేగంగా లేస్తోందో దాన్ని. 0.35ను ఆ లేచే సమయంతో (రైజ్ టైముతో) భాగిస్తే సిగ్నల్ బ్యాండ్‌విడ్త్ అంచనాకు వస్తుంది. 100 పికోసెకన్లలో లేచే అంచులో 3.5 గిగాహెర్ట్జ్ దాకా సరుకు ఉంటుంది.

అపోహ: హైస్పీడ్ అనగానే రోజర్స్ (నష్టం తక్కువ ఉండే ఖరీదైన షీట్లు చేసే కంపెనీ) లామినేట్ వేయాలి.

దీనికి నోటిమాట సరిపోదు, లెక్క కట్టాలి. లామినేట్ వల్ల సెంటీమీటరుకు పోయే డెసిబెల్స్ సుమారుగా: 0.91 × ఫ్రీక్వెన్సీ (గిగాహెర్ట్జ్‌లో) × లాస్ టాంజెంట్ (షీటు సిగ్నల్ శక్తిని ఎంత మింగుతుందో చెప్పే అంకె) × స్థిరాంకం వర్గమూలం. సెకనుకు 10 గిగాబిట్ల సిగ్నల్‌కు అందులో సగం, అంటే 5 గిగాహెర్ట్జ్ దగ్గర చూద్దాం. మామూలు ఎఫ్ఆర్-4కు లాస్ టాంజెంట్ 0.02, స్థిరాంకం 4 అనుకుంటే సెంటీమీటరుకు 0.18 డెసిబెల్. 25 సెంటీమీటర్ల ట్రేసులో 4.6 డెసిబెల్స్ పోతాయి, అంటే వోల్టేజీలో దాదాపు 40 శాతం హరించుకుపోయినట్టే. లాస్ టాంజెంట్ 0.004 ఉన్న లామినేట్ వేస్తే అదే దూరానికి నష్టం 0.9 డెసిబెల్. ఇక్కడ ఖరీదు పెట్టడంలో అర్థం ఉంది. ట్రేస్ 5 సెంటీమీటర్లే అయితే మామూలు ఎఫ్ఆర్-4 మీదే ఆ 0.9తో సరిపోతుంది. అలాంటప్పుడు ఖరీదైన షీటు ఎందుకు? ఇక 480 మెగాబిట్ల యూఎస్‌బీ కోసం దాన్ని అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఆ డబ్బుతో మంచి కనెక్టరు కొనుక్కోండి.

అపోహ: హై టీజీ షీటు హైస్పీడ్‌కు మంచిది.

టీజీ అంటే వేడికి రెసిన్ మెత్తబడే ఉష్ణోగ్రత. సోల్డరింగ్ వేడికి బోర్డు తట్టుకుంటుందా లేదా అన్నది అది చెబుతుంది. సిగ్నల్ నష్టం గురించి చెప్పదు. టీజీ 180 డిగ్రీలు ఉండి, లాస్ టాంజెంట్ మాత్రం 0.02 దగ్గరే ఉన్న షీట్లు బజారులో మామూలే.

అపోహ: డిఫరెన్షియల్ జతలో (ఒకే సమాచారాన్ని ఒకదానికొకటి వ్యతిరేకంగా మోసే రెండు గీతలు) రెండు ట్రేసుల పొడవూ సమానం చేస్తే రెండు సిగ్నళ్ళూ కలిసే చేరతాయి.

నన్ను ఎక్కువగా సతాయించేది ఇదే. లామినేట్ లోపల ఉన్నది నేసిన గుడ్డ. మన బరంపురం పట్టు మగ్గం మీద లాగానే దానికీ పడుగు, పేక ఉంటాయి. 1080 రకంలో అంగుళానికి పడుగు పోగులు 60, పేక పోగులు 47. అంటే పోగుకూ పోగుకూ మధ్య దూరం అర మిల్లీమీటరు అటూ ఇటూ. జతలో ఒక ట్రేస్ సరిగ్గా గాజు పోగు మీద, రెండోది పోగుల మధ్య రెసిన్ సందు మీద నడిచిందంటే ఆ రెండూ చూసే స్థిరాంకాలు వేరు. తేడా 0.2 మాత్రమే అనుకున్నా వేగంలో 2.5 శాతం మారుతుంది. 25 సెంటీమీటర్లు దాటడానికి దాదాపు 1670 పికోసెకన్లు పడుతుంది కాబట్టి, ఒకటి మరొకదాని కంటే 42 పికోసెకన్లు వెనకబడుతుంది. 10 గిగాబిట్ల దగ్గర ఒక బిట్ నిడివే 100 పికోసెకన్లు!

దీని గుర్తు ఏమిటంటే, ఒకే లాటులో వచ్చిన బోర్డుల్లో కొన్ని శుభ్రంగా పనిచేస్తాయి, కొన్ని మొండికేస్తాయి. ట్రేస్ పోగు మీద పడుతుందా, సందులో పడుతుందా అన్నది తయారీలో ఎవరూ చూసి పెట్టేది కాదు మరి. పోగులను విప్పి పరిచిన స్ప్రెడ్ గ్లాస్ రకాలు అడగడం ఒక దారి. ట్రేసులను నేతకు 10 డిగ్రీలు ఏటవాలుగా నడపడం ఇంకొకటి. బోర్డునే ప్యానెల్ మీద తిప్పి వేయించవచ్చు, షీటు వృథా అవుతుందని తయారీదారు గొణుగుతారు. నా ఓటు స్ప్రెడ్ గ్లాస్‌కే.

అపోహ: రాగి రాగే, లామినేట్ మంచిదైతే చాలు.

10 గిగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి పైపొరలో 0.66 మైక్రాన్ల లోతులోనే ప్రవహిస్తుంది. రెసిన్‌కు పట్టు దొరకాలని మామూలు రేకు వెనుక తీర్చిన గరుకు 5 మైక్రాన్లు, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. ఆ ఎగుడుదిగుళ్ళ మీద కరెంటు నష్టం బాగా పెరుగుతుంది. ఖరీదైన షీటు తెప్పించి దాని మీద గరుకు రేకు వేయించుకోవడం బూడిదలో పోసిన పన్నీరే. ఆర్డరులో నునుపు రేకు అని విడిగా రాయించండి.

అపోహ: లామినేట్‌కు తేమతో సంబంధం లేదు.

బరంపురం వానాకాలంలో గోపాలపురం వైపు నుంచి వీచే గాలి తెలిసినవారు ఈ మాట అనరు. ఎపాక్సీ తన బరువులో ఒక శాతం కంటే తక్కువ నీరే పీల్చవచ్చు. కానీ నీటి స్థిరాంకం 80 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఆ కాస్త నీటికే స్థిరాంకమూ, లాస్ టాంజెంటూ రెండూ పైకి పోతాయి. ఏసీ గదిలో కొలిచిన అంకెలు ఇక్కడి బల్ల మీద సరిపోలకపోతే ముందు దీన్ని అనుమానించండి. సీలు విప్పి వదిలేసిన బోర్డులను సోల్డరింగ్‌కు ముందు 105 నుంచి 125 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఓవెన్‌లో ఆరబెట్టాలి, లేకపోతే లోపలి తేమ ఆవిరై పొరలే విడిపోవచ్చు. ఓఎస్‌పీ పూత (రాగి పాడవకుండా వేసే పలచని సేంద్రియ పూత) ఉన్న బోర్డుల విషయంలో మాత్రం జాగ్రత్త. ఆ వేడికి పూత దెబ్బతిని తరువాత సోల్డర్ పట్టదు. వాటిని మొదటి నుంచీ సీలు కవరులోనే ఉంచడం మేలు.