ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి లింక్డ్ డేటా జోడించడం: అపోహలు - వాస్తవాలు

నేను పర్యాటక బుకింగ్ సైట్ల బ్యాకెండ్ పని చేస్తాను. గదులు, తేదీలు, చెల్లింపులు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్) అనే, డేటాని టేబుళ్లలో దాచే ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటాయి. ఊళ్లు, గుళ్లు, కోటల గురించిన సమాచారంలో చాలా భాగం వికీడేటా నుంచి, అంటే ఎవరైనా మార్చగలిగే ఉచిత డేటా భాండారం నుంచి, వస్తుంది. ఈ రెండింటినీ కలిపే పని గురించి కొత్తగా చేరినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటి వెనకున్న అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

లింక్డ్ డేటా అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ప్రతి వస్తువుకీ, ఊరికీ, మనిషికీ వెబ్‌లో ఒక చిరునామా ఇవ్వాలి. ఆ చిరునామా తెరిస్తే దాని వివరాలు రావాలి. ఆ వివరాల్లోంచి మళ్లీ వేరే చిరునామాలకు లింకులుండాలి. టిమ్ బెర్నర్స్-లీ 2006లో ఈ పద్ధతిని సూత్రాలుగా రాసిపెట్టారు. వికీడేటాలో ఆ చిరునామా ఒక నంబర్‌తో ఉంటుంది: హైదరాబాద్ నగరం క్యూ1361, తెలుగు భాష క్యూ8097.

అపోహ: లింక్డ్ డేటా కావాలంటే ఎస్‌క్యూఎల్ వదిలేసి గ్రాఫ్ డేటాబేస్‌కి (టేబుళ్ల బదులు లింకులుగా డేటా దాచేదానికి) మారాలి.

అక్కర్లేదు. వికీడేటా అసలు డేటానే మరియాడీబీ అనే ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటుంది. మనం స్పార్కిల్ అనే గ్రాఫ్ ప్రశ్నల భాషలో ప్రశ్నలడిగే క్వెరీ సర్వీస్ దాని నకలు మీద పనిచేస్తుంది. ఆ నకలు బ్లేజ్‌గ్రాఫ్ అనే గ్రాఫ్ డేటాబేస్‌లో ఉంటుంది, అసలులో మార్పు జరిగితే అందులోకీ వస్తూ ఉంటుంది. అంత పెద్ద ప్రాజెక్టే అలా నడుస్తుంటే మన బుకింగ్ సైటుకు పోస్ట్‌గ్రెస్ తీసేయాల్సిన అవసరం ఏముంది? పైగా ఒకే గదిని ఒకేసారి ఇద్దరు బుక్ చేయబోతే ఒకరికే దక్కేలా చూడాలి. ఆ ట్రాన్సాక్షన్ పనికి పోస్ట్‌గ్రెస్ లాంటి రిలేషనల్ (టేబుళ్ల) డేటాబేస్‌ని మించింది నాకు కనిపించలేదు.

మన టేబుళ్లను బయటివాళ్లకు లింక్డ్ డేటాగా చూపించాలన్నా డేటా తరలించక్కర్లేదు. ఏ టేబుల్‌లో ఏ కాలమ్ ఏ లింక్‌గా మారాలో చెప్పే ఆర్2ఆర్ఎంఎల్ అనే ప్రమాణాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2012లోనే ఇచ్చింది. ఆన్‌టాప్ లాంటి టూల్స్ ఆ మ్యాపింగ్ చదివి, వచ్చిన స్పార్కిల్ ప్రశ్నను ఎస్‌క్యూఎల్‌గా మార్చి మన డేటాబేస్‌నే అడుగుతాయి.

అపోహ: పేరు కలిస్తే చాలు, లింక్ చేసేయొచ్చు.

ఈ పని మొత్తంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. హైదరాబాద్ అని వెతికితే తెలంగాణ రాజధాని ఒక్కటే రాదు. సింధ్‌లోని హైదరాబాద్ వస్తుంది, హైదరాబాద్ జిల్లా వస్తుంది, పాత హైదరాబాద్ రాష్ట్రం కూడా వస్తుంది. నాలుగూ వేర్వేరు, నాలుగింటికీ వేర్వేరు నంబర్లు. ఇక రామాపురం, కొత్తపల్లి లాంటి పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, రెండు రాష్ట్రాల్లో ఏ మూల చూసినా ఒకటి ఉంటుంది.

మేము పాటించే పద్ధతి ఇది. ముందు పేరుతో వెతుకుతాం. తర్వాత అక్షాంశ రేఖాంశాలు మన దగ్గరున్న వాటికి దగ్గరగా ఉన్నాయో లేదో చూస్తాం. ఆ తర్వాత వికీడేటాలో అది ఏ రకం అని రాసి ఉందో చూస్తాం: ఊరా, మండలమా, జిల్లానా, రైల్వే స్టేషనా. ఈ మూడూ కలిసినా ‘ధ్రువీకరించాలి’ అనే స్థితిలోనే ఉంచి, ఒక మనిషి చూసి ఓకే చేశాకే సైట్‌లో చూపిస్తాం. పెద్ద జాబితాలైతే, పేర్లను వికీడేటాతో జతచేసి చూపే ఓపెన్‌రిఫైన్ అనే టూల్ చాలా పని తగ్గిస్తుంది. అయినా చివరి చూపు మనిషిదే కావాలి. తప్పు జిల్లా బొమ్మ పడితే యాత్రికులు తప్పు చోటికి టికెట్ తీసుకుంటారు.

అపోహ: వికీడేటా నంబర్‌నే ప్రైమరీ కీగా (టేబుల్‌లో ప్రతి వరసనూ గుర్తించే నంబర్‌గా) పెట్టుకోవచ్చు.

వద్దు. ఒకే ఊరికి పొరపాటున రెండు పేజీలుంటే వికీడేటాలో వాటిని కలిపేస్తారు. పాత నంబర్ కొత్తదానికి దారిమళ్లుతుంది. సేవ మొత్తం ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. వికీడేటా లాంటిదే అయిన ఫ్రీబేస్‌ని మూసేస్తామని గూగుల్ 2014లో ప్రకటించి 2016లో మూసేసింది. మన కీ మనదే ఉండాలి. వికీడేటా నంబర్‌ని పక్కన ఒక కాలమ్‌గా ఉంచండి. ఒక చోటికి జియోనేమ్స్ (ఊరి పేర్ల జాబితా), ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఉచిత మ్యాప్) నంబర్లు కూడా కావాలంటే అన్నింటినీ విడిగా ఒక చిన్న టేబుల్‌లో పెట్టండి: మన ఐడీ, మూలం పేరు, అక్కడి నంబర్, ఎవరు ధ్రువీకరించారు, ఎప్పుడు.

అపోహ: పేజీ తెరిచినప్పుడల్లా వికీడేటాని అడిగితే తాజా సమాచారం వస్తుంది.

వస్తుంది, రానప్పుడు పేజీ కూడా రాదు. వికీడేటా క్వెరీ సర్వీస్‌లో ఒక్కో ప్రశ్నకు 60 సెకన్ల పరిమితి ఉంది. ఎక్కువ అడిగితే కాసేపు ఆపేస్తారు. మన యాప్ ఎవరిదో చెప్పే యూజర్ ఏజెంట్ పంపకపోయినా ఆపేయొచ్చు. ఒక కోట ఏ శతాబ్దంలో కట్టారో గంటగంటకీ మారదు కదా. రాత్రిపూట ఒక జాబ్ నడిపి, తెచ్చిన డేటాని విడి టేబుల్‌లో, తెచ్చిన తేదీతో సహా పెట్టుకోండి. మన సిబ్బంది రాసిన వివరాల మీద దాన్ని ఎప్పుడూ రాసేయకండి. ఇద్దరి మాటా వేర్వేరుగా ఉంటే తేడా వచ్చినప్పుడు చూసి నిర్ణయించుకోవచ్చు.

తెలుగు సైట్లవాళ్లు ఇంకొకటి గమనించాలి. ప్రశ్నలో తెలుగు లేబుల్ (పేరు) మాత్రమే అడిగి, అది అక్కడ లేకపోతే, పేరు బదులు క్యూతో మొదలయ్యే నంబర్ వస్తుంది. గుడి పేరుండాల్సిన చోట అంకెలు చూసి యాత్రికుడికి ఏం అర్థమవుతుంది? తెలుగు పేరు మన టేబుల్‌లోనే ఉంచండి. వీలైతే ఆ పేరు వికీడేటాలో కూడా చేర్చండి, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

అపోహ: కాలంతో మారే సంబంధాలు గ్రాఫ్‌లోనే సాధ్యం, టేబుళ్లలో కుదరవు.

భద్రాచలం తీసుకోండి. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, తర్వాత ఖమ్మం జిల్లాలోకి వచ్చింది, 2016 అక్టోబరు 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఊరి టేబుల్‌లో ‘జిల్లా’ అని ఒకే కాలమ్ పెడితే ఈ చరిత్ర పోతుంది. వికీడేటాలో ప్రతి జిల్లా సంబంధానికీ మొదలైన తేదీ, ముగిసిన తేదీ జోడించే వీలుంది. అది చూసి చాలామంది గ్రాఫ్ గొప్పతనం అనుకుంటారు.

ఎస్‌క్యూఎల్‌లో కూడా ఇది మామూలు విషయమే. ఊరు, జిల్లా, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు అని ఒక టేబుల్ చాలు. పైగా పోస్ట్‌గ్రెస్ 9.2 నుంచి తేదీల పరిధిని ఒకే కాలమ్‌లో పెట్టొచ్చు. ఒకే ఊరికి రెండు పరిధులు ఒకదాని మీదకి ఒకటి రాకుండా నిబంధన పెడితే డేటాబేస్ తనంతట తనే అడ్డుకుంటుంది. లింక్డ్ డేటాని రాసే ఆర్డీఎఫ్ అనే రూపంలో అలాంటి కాపలా దానంతట అది రాదు. 2017లో వచ్చిన షాకిల్ ప్రమాణంతో నియమాలు రాసి విడిగా తనిఖీ చేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు తిరుపతి చిత్తూరు జిల్లా నుంచి వేరుపడింది. ఇలాంటి మార్పుకి పాత వరసలో ముగింపు తేదీ వేసి కొత్త వరస చేర్చడమే పని. 2021లో జరిగిన బుకింగ్ రిపోర్టులో అప్పటి జిల్లా పేరే వస్తుంది.

అపోహ: వికీడేటాలో లేదంటే అసలు లేనట్టే.

గుడికి పార్కింగ్ ఉన్నట్టు అక్కడ రాయలేదంటే ఎవరూ రాయలేదనే అర్థం. మన టేబుల్‌లో ‘లేదు’, ‘తెలియదు’ రెండూ విడివిడిగా ఉండాలి. బయటి నుంచి రాని విలువని ‘లేదు’ అని నింపే కోడ్ కనిపిస్తే వెంటనే తీసేయండి.

అపోహ: లింక్డ్ డేటా అంటే మన డేటా అంతా బయటపెట్టడమే.

ఓపెన్ డేటా వేరు, లింక్డ్ డేటా వేరు. బుకింగ్‌లు, ఫోన్ నంబర్లు మన దగ్గరే ఉంటాయి. బయటికిచ్చేది మనం ఎంచుకున్నదే. మా పేజీల్లో చోటు పేరు, చిరునామా, వికీడేటా లింక్ మాత్రం జేసన్-ఎల్‌డీ అనే, యంత్రాలు చదవగలిగే రూపంలో పెడతాం. వాటిని సెర్చ్ ఇంజిన్లు చదువుతాయి.

అపోహ: ఉచితంగా దొరికేదంతా ఎలాగైనా వాడుకోవచ్చు.

వికీడేటాలోని డేటా సీసీ0 అనే లైసెన్స్ కింద ఉంది, ఏ షరతూ లేదు. జియోనేమ్స్ వాడితే వాళ్ల పేరు చెప్పాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి ఓడీబీఎల్ అనే లైసెన్స్ వర్తిస్తుంది. పేరు చెప్పడంతో సరిపోదు, దాని నుంచి తయారు చేసిన డేటాబేస్‌ని బయటికిస్తే అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. అందుకే ఏ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో వరసవరసకీ రాసుకునే ‘మూలం’ కాలమ్ మొదటి రోజే పెట్టండి. వేల వరసలు కలిసిపోయాక వేరు చేయడం ఎవరి వల్లా కాదు.