పుట్ట తేనెటీగ, ఇటాలియన్ తేనెటీగ: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇటాలియన్ ఈగల పెట్టెలను పక్కన ఉంచితే మన పుట్ట తేనెటీగలు వాటితో సంకరమై బలపడతాయి.

వాస్తవం: ఉద్దానం జీడితోటల్లో ఈ మాట తరచుగా వింటుంటాను. పుట్ట తేనెటీగ ఎపిస్ సెరానా జాతికి చెందిన ఇండికా ఉపజాతి. ఇటాలియన్ ఈగ ఎపిస్ మెల్లిఫెరా జాతికి చెందిన లిగుస్టికా ఉపజాతి. ఒకే జాతిలోని ఉపజాతుల మధ్య సంకరం సాధ్యమే. ఇవి వేర్వేరు జాతులు కనుక, ఒకదాని గుడ్డును మరొకదాని వీర్యంతో ఫలదీకరింపజేసినా పిండం తొలిదశలోనే చనిపోతుందని 1983లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి. పెట్టెలను దగ్గరగా పెడితే నిజంగా జరిగేది పూలు తగ్గిన కాలంలో తేనె దోపిడీ, దానితోపాటు రోగాల వ్యాప్తి.

అపోహ: పసుపు చారలుంటే ఇటాలియన్ ఈగే.

వాస్తవం: మైదాన ప్రాంతాల పుట్ట తేనెటీగ కూడా పసుపుగానే ఉంటుంది. పోతు (మగ) ఈగల పిల్లలు పెరిగే గదుల మూతపై సన్నని రంధ్రం కనిపిస్తే అది పుట్ట తేనెటీగ.

అపోహ: తేనెటీగలపై బతికే పరాన్నజీవి వర్రోవా నల్లి రెండింటికీ ఒకే స్థాయి ముప్పు.

వాస్తవం: ఆ నల్లికి సహజ ఆతిథేయి (ఆశ్రయమిచ్చే జీవి) ఆసియా ఈగే, అంటే మన పుట్ట తేనెటీగ జాతే. అందులో నల్లి ప్రధానంగా పోతు పిల్లలపైనే వృద్ధి చెందుతుంది. మెల్లిఫెరాలో కూలి ఈగల పిల్లలపైనా పెరుగుతుంది కాబట్టి, చికిత్స లేకపోతే కుటుంబమే కూలిపోతుంది. పుట్ట తేనెటీగకు అసలు గండం పిల్లపురుగులను చంపే థాయ్ శాక్ బ్రూడ్ వైరస్. 1991-92లో దక్షిణాదిన అత్యధిక కుటుంబాలను అదే తుడిచిపెట్టింది. దానికి యాంటీబయాటిక్ వాడడం వల్ల తేనెలో మందు అవశేషాలు మిగలడం తప్ప ప్రయోజనం లేదు.

అపోహ: బాగా తేనె ఇచ్చే ఒక్క పెట్టె నుంచే రాణులన్నింటినీ పెంచాలి.

వాస్తవం: నా దృష్టిలో అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. తేనెటీగలో ఆడ, మగ తేడాను నిర్ణయించే జన్యువును 2003లో గుర్తించారు. ఫలదీకరణ చెందిన గుడ్డులో ఆ జన్యువు రెండు వేర్వేరు రూపాల్లో ఉంటే ఆడ ఈగ పుడుతుంది. ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి పోతు ఈగ వస్తుంది. దగ్గరి బంధువులు కలిసినప్పుడు రెండు రూపాలూ ఒకటే అయి, ఎందుకూ కొరగాని పోతు పిల్ల తయారవుతుంది, దానిని కూలి ఈగలు చిన్న వయసులోనే తినేస్తాయి. తోబుట్టువుల కలయికలో ఇలా సగం దాకా పిల్లలు పోవచ్చు. తుట్టెలో మధ్యమధ్య ఖాళీ గదులు కనిపించగానే రైతు రోగమనుకొని మందు కోసం వెతుకుతాడు, లోపమేమో రాణుల ఎంపికలో ఉంటుంది.

రాణి గాలిలో ఎన్నో పోతు ఈగలతో కలుస్తుంది కనుక, చుట్టుపక్కల వైవిధ్యం ఉండడమే మనకు రక్ష. వైరస్‌ను తట్టుకొని నిలిచిన కుటుంబాలను వేర్వేరు ఊళ్ల నుంచి ఎంచుకొని, ఒక్కొక్కదాని నుంచి కొన్ని రాణులనే పెంచాలి. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఉన్న కుటుంబాలను పొగబెట్టి తుడిచిపెట్టకూడదు, ఎందుకంటే మన పెట్టెల రాణులకు కొత్త రక్తం అందించే పోతు ఈగలు అక్కడి నుంచే వస్తాయి.