కాగితం లేని కౌలు: దక్షిణ తెలంగాణలో కొత్త రైతు కష్టానికి మూలం

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఉగాదికి అటూఇటూగా కౌలు మాటలు నడుస్తాయి. ఇద్దరు పెద్దమనుషుల ముందు ఎకరాకు ఇంత అని ఒప్పుకొని, డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టి లేచిపోతారు తప్ప, కాగితం రాసుకోరు. కూలి కుటుంబంలో పుట్టి సొంతంగా సేద్యం చేయాలనుకున్న యువకుడికైనా, పట్నం పని మానుకొని ఊరికి తిరిగొచ్చిన వాడికైనా భూమి చేతికొచ్చే దారి చాలావరకు ఇదే.

ఈ కాగితం లేకపోవడానికి మూలం 1950 నాటిది. దేశ్‌ముఖుల వెట్టికి ఎదురుతిరిగి 1946 నుంచి 1951 దాకా నల్లగొండ రైతులు సాగించిన సాయుధ పోరాటం వేడిలోనే, 1949లో జాగీర్దారీ రద్దయింది, మరుసటి ఏడాది హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లికి వచ్చిన వినోబా భావేను నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగితే భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూమి ఉన్నవారు లేనివారికి ఇష్టపూర్వకంగా ఇచ్చే భూదానోద్యమం అక్కడే మొదలైంది. కౌలుదారీ చట్టం ‘రక్షిత కౌలుదారు’కు హక్కు కల్పించింది, తర్వాతి కాలంలో ఎందరినో పట్టాదారులను చేసింది. అది న్యాయమైన చట్టమే. అయితే అప్పటికే పొలంలో ఉన్నవారిని కాపాడిన ఆ చట్టం, ఆ తర్వాత పొలంలోకి రావాల్సినవారికి దారి చూపలేదు. కౌలుదారు పేరు రికార్డుకెక్కితే భూమి పోతుందన్న భయం భూస్వామి నుంచి నాలుగెకరాల ఆసామి దాకా పాకి, కౌలు నోటిమాటగా, ఏడాది గడువుకు కుదించుకుపోయింది.

ఏడాది గడువుతో వ్యవసాయం వ్యాపారంగా నిలదొక్కుకోదు. నల్లగొండకు పేరు తెచ్చిన బత్తాయి కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. వచ్చే ఏడాది ఆ చెలకలో తాను ఉంటాడో లేడో తెలియనివాడు మొక్క నాటడు, డ్రిప్పు వేయడు, చెరువు మట్టి తోలడు. పత్తి పెడతాడు. విత్తనం, ఎరువు వ్యాపారి దగ్గర ఉద్దెర తెస్తాడు, పత్తి ఏరగానే బాకీ కింద ఆయనకే తూకం వేస్తాడు. పాసుబుక్కు లేనిదే బ్యాంకు పంట రుణం ఇవ్వదు మరి.

ఈ చిక్కును విప్పడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చట్టం చేసి, భూమి హక్కుతో ముడిపెట్టకుండా కౌలుదారులకు ఏడాదిపాటు చెల్లే రుణ అర్హత కార్డులు ఇచ్చారు. తెలంగాణ వచ్చాక ఆ కార్డుల జారీ దాదాపు అటకెక్కింది. దళిత కుటుంబాలకు మూడెకరాలు కొనిచ్చే పథకం 2014లో మొదలై కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆగింది. 2018లో వచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే వెళ్లింది. అదే ఏడాది మొదలైన రైతుబీమా కూడా అంతే: పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు అందుతాయి, అదే పొలాన్ని దున్నిన కౌలుదారు చనిపోతే ఏమీ రాదు. ఇంతకంటే బాధ కలిగించే తేడా ఇంకొకటి నాకు కనిపించదు. ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చాక, ఊరి భూముల వివరాలు రాసే పహాణీలో సాగుచేసేవారి పేరు రాసే అనుభవదారు గడి కూడా పోయింది.

2025లో రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయలైంది, ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. సాయం మాత్రం పట్టాదారు ఖాతాకే చేరుతోంది. 2011 చట్టం రద్దు కాలేదు, కౌలుదారు కార్డు కోసం అడగవచ్చు. అడిగితే వచ్చే ఉగాదికి చెలక ఇంకొకరికి పోతుందేమోనని అతడు అడగడు.