ఇంట్లో బూజు పరీక్ష: అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో తేమ, బూజు పరీక్షించడం నా వృత్తి. నాకు ఫోను చేసేవారిలో చాలామంది అడిగేది ఒక్కటే: "గాలి శాంపిల్ తీసి మా ఇంట్లో బూజు ఉందో లేదో చెప్పండి." నేను శాంపిల్ సంగతి కాసేపు పక్కన పెట్టి, నీళ్లు ఎక్కడ కారాయి, ఎప్పుడు కారాయి, గోడ ఎన్నాళ్లు తడిగా ఉంది అని అడుగుతాను. పరీక్షకు పిలిస్తే ఈ ప్రశ్నలేమిటని కొందరు విసుక్కుంటారు. కానీ బూజు బతికేది నీటి మీద. నీటి జాడ పట్టకుండా తీసిన శాంపిల్ ఎంత పెద్ద లేబొరేటరీకి వెళ్లినా, ఇంటివారికి పనికొచ్చే జవాబు తీసుకురాదు.

ఇంకో చిక్కు మన మాటలోనే ఉంది. మూలన వేలాడే సాలెగూడునూ బూజు అంటాం, తడిసిన గోడ మీద పెరిగే శిలీంధ్రాన్నీ బూజే అంటాం. మొదటిదాన్ని చీపురుతో దులుపుతాం. ఆ అలవాటు కొద్దీ రెండోదాన్నీ దులుపుతారు. ఎండిన శిలీంధ్రం మీద పొడి చీపురు పడితే దాని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి సూక్ష్మకణాలు, గదంతా చెదిరిపోతాయి. నేను వచ్చేసరికి గోడ శుభ్రంగా, గాలి మురికిగా ఉంటుంది. ఈ వ్యాసంలో బూజు అన్నప్పుడల్లా నా ఉద్దేశం రెండోదే. దాన్ని దయచేసి దులపకండి.

అపోహ: మంచి ఇల్లయితే రిపోర్టులో సున్నా రావాలి

సున్నా రాదు. వస్తే శాంపిల్ కోసం గాలి పీల్చే నా పంపు సరిగా పని చేసిందా అని మళ్లీ చూసుకుంటాను. ఎండుటాకుల్లో, మట్టిలో, చెట్ల బెరడు మీద పుట్టే సిద్ధబీజాలు బయటి గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తలుపు తీసినప్పుడల్లా, మన బట్టలకూ చెప్పులకూ అంటుకుని లోపలికి వస్తూనే ఉంటాయి. అవి ఇంట్లో ఉండటం దోషం కాదు. తడి దొరికి, అక్కడే మొలకెత్తి, అక్కడే సంతానం పెంచుకోవడం దోషం. పరీక్ష తేల్చవలసింది ఈ తేడానే.

అందుకే లోపల తీసిన శాంపిళ్లతోపాటు అదే రోజు, దాదాపు అదే సమయంలో బయటి గాలిని కూడా తీస్తాం. బయటి శాంపిల్ లేని రిపోర్టును నేను చదవడానికి కూడా ఇష్టపడను. పోల్చేటప్పుడు సంఖ్య కంటే రకం ముఖ్యం. బయట క్లాడోస్పోరియం అనే బూజు రకం ఎక్కువగా ఉండి, లోపల అదే తక్కువగా ఉంటే అది కిటికీలోంచి వచ్చిందనుకోవచ్చు. బయట కనిపించని కీటోమియం అనే రకానివి లోపల నాలుగు బీజాలు దొరికినా నేను ఆగిపోయి వెతుకుతాను. నానిపోయిన కాగితం, చెక్క, జిప్సం బోర్డు మీద పెరిగే రకం అది.

అపోహ: ప్రమాణం దాటిందా లేదా అని పరీక్ష చెబుతుంది

అలాంటి గీత ఎవరూ గీయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ, బూజు మీద మార్గదర్శకాలు వెలువరించింది. అందులో గాలిలో ఇన్ని బీజాల వరకు ఫరవాలేదనే అంకె లేదు. చెమ్మను అరికట్టండి, బూజు పెరిగితే తొలగించండి అని మాత్రమే ఉంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా ఇంటి గాలికి బూజు పరిమితి పెట్టలేదు. ఒకరికి దగ్గు తెప్పించే మోతాదు పక్కవారికి తెలియనైనా తెలియదు. పైగా గాలిలోని సంఖ్య గంటగంటకూ మారుతుంది. కాబట్టి రిపోర్టులో ఎర్రరంగు పూసి "ప్రమాదకరం" అని రాసి ఉంటే, ఆ హద్దు ఎవరు నిర్ణయించారని అడగండి.

అపోహ: ఐదు నిమిషాల గాలి పరీక్షతో ఇల్లంతా తెలిసిపోతుంది

ఈ ఒక్కదాని మీద మాత్రం తీరిగ్గా మాట్లాడాలి. నేను చూసిన భయాల్లోనూ, తప్పుడు ధీమాల్లోనూ ఎక్కువ వాటికి మూలం ఇదే.

మామూలుగా వాడే పద్ధతిలో చిన్న పంపు నిమిషానికి 15 లీటర్ల గాలిని పీలుస్తుంది. ఐదు నిమిషాలకు 75 లీటర్లు. ఆ గాలిలోని కణాలు జిగురు పూసిన గాజు పలకకు అతుక్కుంటాయి. లేబొరేటరీలో మైక్రోస్కోపు కింద వాటిని లెక్కపెట్టి, ఘనపు మీటరుకు, అంటే 1000 లీటర్లకు, ఎన్ని అవుతాయో కట్టి రాస్తారు. ఇప్పుడు లెక్క చూడండి. పలక మీద ఒక్క బీజం దొరికితే రిపోర్టులో అది 13 అవుతుంది. మూడు దొరికితే 40 అవుతుంది. "హాల్లో 13, పిల్లల గదిలో 40, మూడురెట్లు ఉంది" అని ఒక తల్లి కన్నీళ్లతో నాకు ఫోను చేశారు. ఆ తేడా రెండంటే రెండు బీజాలు. మంచం మీద దుప్పటి దులిపినా అంత తేడా వస్తుంది. ఈ సంగతి ఆమెకు రిపోర్టు ఇచ్చినవారే చెప్పి ఉండాల్సింది.

మైక్రోస్కోపుకు మరో రెండు హద్దులున్నాయి. పెనిసిలియం, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు రకాల బీజాలు రెండూ చిన్నగా, గుండ్రంగా ఒకేలా ఉంటాయి. విడివిడిగా గుర్తుపట్టలేక రెంటినీ ఒకే వరుసలో కలిపి రాస్తారు. బీజం బతికి ఉందో లేదో కూడా ఈ పద్ధతిలో తెలియదు. అది తెలియాలంటే గాలిని చిల్లుల పలక గుండా అగార్ పళ్లెం, అంటే బూజుకు ఆహారమయ్యే జెల్లీ పోసిన పళ్లెం, మీదికి పంపి, పెంచి చూడాలి. దానికి వారం, ఒక్కోసారి పది రోజులు పడుతుంది. అందులో బతికున్నవి మాత్రమే, అవీ ఆ అగార్ సరిపడినవి మాత్రమే పెరుగుతాయి. ఒక పద్ధతి చూసేది మరొకటి చూడలేదు.

ఇక అన్నిటికంటే పెద్ద లోటు: గోడ వెనకాల ఉన్న బూజు గాలిలోకి రాకపోవచ్చు. ఒక ఇంట్లో పడకగది తలుపు తీయగానే ముక్కిన వాసన వచ్చేది. అంతకుముందు ఎవరో చేసిన గాలి పరీక్షలో ఆ గది బయటికంటే శుభ్రంగా ఉందని వచ్చింది. ఇంటివారు తమ ముక్కునే అనుమానించుకునే స్థితికి వచ్చారు. తేమ మీటరు పట్టుకుని గోడ వెంట అడుగడుగునా చూస్తూ పోతే బీరువా వెనక ఒకచోట ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది. వాల్‌పేపర్ అంచు లేపి చూస్తే వెనకంతా నలుపు. అవతల స్నానాలగదిలో పైపు అతుకు నెమ్మదిగా కారుతోంది. ఆ ఇంట్లో నేను ఒక్క శాంపిల్ కూడా తీయలేదు. వాసన అబద్ధం కాదు. పెరుగుతున్న బూజు వదిలే ఆవిరులు అవి. బీజాలు దాటలేని సందుల్లోంచి కూడా అవి బయటికి వస్తాయి.

అపోహ: కంటికి కనిపిస్తున్నా పరీక్ష చేయించాల్సిందే

చాలాసార్లు అక్కర్లేదు. గోడ మీద బూజు స్పష్టంగా కనిపిస్తుంటే ఏ రకమైనా చేయవలసిన పని ఒకటే: నీటిని ఆపడం, బూజును తొలగించడం, ఆరబెట్టడం. ఆ డబ్బు మరమ్మతుకు పెట్టుకోండని నేను నిర్మొహమాటంగా చెబుతాను. 10 చదరపు అడుగుల లోపు, అంటే సుమారు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మచ్చను ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని ఇంటివారే శుభ్రం చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. ఉబ్బసం ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఆ పనికి పూనుకోకూడదు.

శాంపిల్ పనికొచ్చే సందర్భాలు వేరే ఉన్నాయి. వాసన ఉండి, ఎంత వెతికినా మచ్చ దొరకనప్పుడు. మచ్చ బూజో కాదో తెలియనప్పుడు. శుభ్రం చేశాక పని సరిగా జరిగిందా అని చూసుకోవాలన్నప్పుడు. ఇంటి యజమానికీ అద్దెకున్నవారికీ మధ్య తగవు నడుస్తున్నప్పుడు.

మచ్చ బూజు కాకపోవడం మీరు అనుకునేంత అరుదు కాదు. గోడ అడుగున దూదిలా పూసే తెల్లటి పొర చాలావరకు ఇటుకలోంచి, సిమెంటులోంచి నీటితోపాటు పైకి వచ్చిన లవణం. ఒక నీటిచుక్క వేస్తే కరిగిపోతుంది. బూజు కరగదు.

అపోహ: నల్లగా ఉంటే అది విషపు బూజే

రంగు చూసి జాతి చెప్పలేం. క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా, ఆస్పర్‌జిల్లస్ నైగర్ అన్నీ ముదురు రంగువే. జనం భయపడేది స్టాకిబోట్రిస్ చార్టారమ్ అనే ఒక్క జాతిని చూసి. ఆ భయం పుట్టింది 1990ల్లో. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1993, 1994 ప్రాంతంలో కొందరు పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. దానికీ ఇళ్లలోని ఈ బూజుకూ సంబంధం ఉందని మొదట నివేదికలు వచ్చాయి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ పరిశోధనను తిరగదోడి, సంబంధం రుజువు కాలేదని 2000లో ప్రకటించింది. మొదటి వార్త పాకినంత దూరం రెండోది పాకలేదు.

అలాగని నిర్లక్ష్యం చేయమనడం లేదు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ముక్కు దిబ్బడ, ఉబ్బసం ఉన్నవారికి అది ముదరడం కనిపిస్తాయని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లో సాక్ష్యాలు పరిశీలించి చెప్పింది. అది నల్లదానికే పరిమితం కాదు, పచ్చదానికీ తెల్లదానికీ వర్తిస్తుంది. స్టాకిబోట్రిస్ నాకు ముఖ్యం కావడానికి కారణం మరొకటి. అది రోజుల తరబడి నానిన చోటే పెరుగుతుంది. దాని బీజాలు జిగటగా ఉండి గాలిలోకి తేలిగ్గా ఎగరవు. అందుకే అది గాలి శాంపిల్‌లో ఒక్కటి కనిపించినా, ఎక్కడో పెద్ద తడి ఉండవచ్చని నేను వెతకడం మొదలుపెడతాను.

అపోహ: పైపు కారకపోతే బూజు రాదు

గాలిలోని ఆవిరి చాలు. గది గాలి 25 డిగ్రీల వేడిలో, 60 శాతం తేమతో ఉందనుకోండి. హాయిగానే ఉంటుంది. అదే గాలి 20 డిగ్రీలున్న చల్లని గోడను ఆనుకున్నప్పుడు అక్కడి తేమ 80 శాతం దాటుతుంది. బూజు మొలకెత్తడానికి అది చాలు, నీటిచుక్క కనబడనక్కర్లేదు. గోడకు ఆనించిన బీరువాల వెనక, పరదాల చాటు మూలల్లో, ఏసీ చల్లగాలి నేరుగా తగిలే చోట మచ్చలు రావడానికి కారణం ఇదే. బీరువాను గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా జరపమని చెబితే, "ఇంతేనా?" అని నమ్మనట్టు చూస్తారు. లోపలి తేమ 60 శాతం దాటకుండా, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉంచుకోవాలి. తేమ కొలిచే చిన్న పరికరం ఒకటి ఇంట్లో ఉంటే, నేను ఒక్కరోజు వచ్చి చూసేదానికంటే ఎక్కువ అది మీకు చెబుతుంది.

అపోహ: థర్మల్ కెమెరా గోడలోని బూజును చూపిస్తుంది

చూపించదు. అది చూపేది గోడ పైభాగం ఎక్కడ చల్లగా, ఎక్కడ వెచ్చగా ఉందో మాత్రమే. తడిసిన చోటు తరచుగా చల్లగా ఉంటుంది కాబట్టి ఎక్కడ వెతకాలో దారి చూపుతుంది. ఏసీ గాలి తగిలే గోడ కూడా అలాగే చల్లగా, బొమ్మలో నీలంగా కనిపిస్తుంది. మీటరుతో తేమ కొలిచి నిర్ధారించనిదే ఆ రంగుల బొమ్మను నమ్మవద్దు.

అపోహ: దుకాణంలో దొరికే బూజు పరీక్ష పళ్లెం తెరిచి పెడితే సరిపోతుంది

ఏ ఇంట్లో పెట్టినా ఏదో ఒకటి పెరుగుతుంది. ఎంత గాలిలోంచి పడిందో తెలియదు, బరువైన బీజాలే ఎక్కువ పడతాయి. డబ్బు దండగ. దుమ్ములోని డీఎన్‌ఏను బట్టి 36 జాతుల బూజును లెక్కించి ఇంటికి మార్కు వేసే పరీక్ష మరొకటి ఉంది. దాన్ని రూపొందించిన అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థే అది పరిశోధనకు ఉద్దేశించినదని, ఇళ్లలో మామూలు వాడకానికి కాదని చెబుతోంది.

అపోహ: బ్లీచింగ్ ద్రావణం పోస్తే, పైన రంగు వేస్తే పని పూర్తి

నున్నని టైలు మీద సరే. చెక్క, జిప్సం బోర్డు లాంటి పీల్చుకునే వస్తువుల మీద రంగు పోతుంది, లోపల బూజు వేళ్లలాంటి పోగులు మిగులుతాయి, ద్రావణంలోని నీరు దానికి కొత్త తడి అవుతుంది. చచ్చిన బూజు కూడా అలర్జీ కలిగిస్తుంది కాబట్టి చంపడం చాలదు, తీసేయాలి. నానిన బోర్డును కోసి పారేయడమే మేలు. బ్లీచింగ్ ద్రావణాన్ని అమ్మోనియా ఉన్న ఏ ద్రవంతోనూ కలపకండి, ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. నీళ్లు కారినప్పుడు 24 నుంచి 48 గంటల్లోగా ఆరబెట్టగలిగితే చాలాసార్లు ఈ అవస్థే రాదు.

అపోహ: పరీక్షించినవారే శుభ్రం చేస్తే సులువు

సులువే, కానీ వారికి పెద్ద సమస్య దొరికితేనే పెద్ద పని దొరుకుతుంది. అమెరికాలో టెక్సస్, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు ఒకే ఇంట్లో ఈ రెండు పనులూ ఒకరే చేయకూడదని చట్టమే చేశాయి. చట్టం లేని చోట కూడా నేను ఆ పద్ధతే పాటిస్తాను. శుభ్రం చేసినవారి పనిని వారే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చుకోవడం మరీ అన్యాయం.

పరీక్షకు మనిషి వచ్చే ముందురోజు ఇల్లు కడిగి పెట్టకండి, అగరుబత్తి వెలిగించకండి, సెంటు కొట్టకండి. కిటికీలు ముందురోజు నుంచి మూసి, ఏసీ ఎప్పటిలాగే నడవనివ్వండి. వచ్చినవారు ముందు పంపు బిగిస్తున్నారా, ముందు మీతో మాట్లాడి ఇల్లు తిరిగి చూస్తున్నారా గమనించండి. రిపోర్టులో ఏ గోడ ఎంత తడిగా ఉంది, గదిలో వేడి, తేమ ఎంత, ఆ రోజు బయట వాన పడిందా, తడికి కారణం ఏమిటి అన్నవి ఉండాలి. అవి లేకుండా బీజాల పట్టిక ఒక్కటే చేతికి ఇస్తే, మీటరు లెక్కలు ఎక్కడ అని అడిగి రాయించుకోండి.