పెద్దవాళ్లకు కాక్లియర్ ఇంప్లాంట్: అపోహలు - వాస్తవాలు

"శబ్దం వినపడుతోంది, మాట అర్థం కావడం లేదు." వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా నేను ఎక్కువగా వినే మాట ఇది. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పరీక్షకు ఎవరైనా పంపారా అని అడిగితే, చాలామంది ఆ పేరే వినలేదంటారు. సంపన్న దేశాల్లో కూడా అర్హులైన పెద్దవాళ్లలో పదో వంతు మందికైనా ఇది అందడం లేదు.

అపోహ: పూర్తిగా చెవుడు వస్తేనే ఇంప్లాంట్. అప్పటిదాకా హియరింగ్ ఎయిడ్ సౌండ్ పెంచుకుంటే చాలు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. లోపలి చెవిలో శబ్దాన్ని నరానికి అందించే సన్నని రోమ కణాలు ఉంటాయి. అవి చాలావరకు దెబ్బతిన్నాక ఎంత సౌండ్ పెంచినా గోల పెరుగుతుంది కానీ మాటలో స్పష్టత రాదు. ఇంప్లాంట్ ఆ కణాలతో పని లేకుండా నేరుగా నరానికే విద్యుత్ సంకేతం పంపుతుంది. మేం వాడే గుర్తు సులువైనదే. బాగా వినపడే చెవిలో కూడా వినికిడి లోపం సగటున 60 డెసిబెల్స్ లేదా అంతకు మించి ఉండి, విడి మాటల పరీక్షలో 60 శాతం లేదా అంతకన్నా తక్కువ పట్టుకోగలిగితే, ఇంప్లాంట్ పరీక్షకు పంపాలి. పంపినంత మాత్రాన ఆపరేషన్ ఖాయమని కాదు. కానీ ఏళ్ల తరబడి ఆగితే మాత్రం నష్టమే. శబ్దం అందని కాలం పెరిగేకొద్దీ తర్వాత మాట పట్టుకోవడం కష్టమవుతుంది.

అపోహ: అది పిల్లల కోసం. ఈ వయసులో ఎందుకు?

అమెరికాలో 1984లో ముందు అనుమతి వచ్చింది పెద్దవాళ్లకే. పిల్లలకు 1990లో వచ్చింది. పై వయసు పరిమితంటూ లేదు. మత్తుమందు తట్టుకునే ఆరోగ్యం ఉంటే 80 దాటినవాళ్లకూ చేస్తారు.

అపోహ: అది మెదడు ఆపరేషన్.

కాదు. చెవి వెనక ఎముకలో చేస్తారు, సాధారణంగా రెండు మూడు గంటలు పడుతుంది. కొన్నాళ్లు కళ్లు తిరగడం, రుచి మారడం ఉండొచ్చు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ముప్పు చాలా తక్కువే అయినా ముందే టీకా వేయించుకోవాలి. మిగిలి ఉన్న సహజ వినికిడి పోయే అవకాశమూ ఉంది. ఇది దాచకుండా చెప్పాల్సిన విషయం.

అపోహ: పెట్టగానే మునుపటిలా వినపడుతుంది.

గాయం మానాక, కొన్ని వారాలకు ఆన్ చేస్తాం. మొదట్లో మాటలు రోబో మాట్లాడినట్టు, కీచుమన్నట్టు ఉంటాయి. ఆ రోజు ఏడ్చేసినవాళ్లను చూశాను. రోజూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి వినిపిస్తూ ఉంటే, నెలలు గడిచేకొద్దీ అదే గొంతు తెలిసిన గొంతులా మారుతుంది.

అందరికీ పనికిరాదన్నది మాత్రం నిజం. వినికిడి నరమే లేకపోతే ఇది పనిచేయదు. పుట్టుకతోనే ఏమీ వినకుండా పెరిగినవాళ్లకు శబ్దం తెలిసినా మాట అర్థం కాకపోవచ్చు. మెనింజైటిస్ వల్ల వినికిడి పోయినవాళ్లు మాత్రం అసలు ఆగకూడదు. లోపలి చెవి ఎముకలా గట్టిపడిపోతే ఇంప్లాంట్ ఎలక్ట్రోడ్ (సంకేతాలు పంపే సన్నని తీగ) లోపలికి వెళ్లడమే కష్టం, అందుకు కొన్ని వారాలు కూడా చాలు.