సర్పగంధి నుంచి గ్యాస్ మాత్ర దాకా: మందులు తెచ్చే వణుకు

కడుపుబ్బరానికి వాడే గ్యాస్ మాత్రల్లో కొన్నింటిలో ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు లెవోసల్పిరైడ్ కూడా ఉంటుంది. వాటిని నెలల తరబడి వేసుకున్న పెద్దవాళ్లలో కొందరికి చేతులు వణికి, నడక మందగిస్తే, అది వయసుతో వచ్చిన పార్కిన్సన్ జబ్బేనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. మెదడులో కదలికలను నడిపే రసాయనం డోపమైన్‌ను అడ్డుకునే ఇలాంటి మందులు ఈ చేటు చేస్తాయని వైద్యులకు 1950ల నుంచీ తెలుసు.

ఆ సంగతి బయటపడడంలో మన సర్పగంధి మొక్కకు పెద్ద పాత్రే ఉంది. దాని వేరు రక్తపోటుకూ ఉన్మాదానికీ పనిచేస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రాసిన వ్యాసంతో పాశ్చాత్యుల చూపు దాని మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు అందులోంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్‌ను మానసిక రోగులకు ఇవ్వడం మొదలైందీ ఆ ఏడాదే. రెండు మందులూ రోగులను శాంతపరిచాయి, కొందరిని కొయ్యబారేలా కూడా చేశాయి.

1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్, రిసర్పిన్‌తో కదలిక పోయిన కుందేళ్లకు, మెదడులో డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇవ్వగా అవి మళ్లీ కదిలాయి. రిసర్పిన్ ఖాళీచేసిన డోపమైన్‌ను ఎల్-డోపా తిరిగి నింపిందన్నమాట. డోపమైన్ తగ్గడంతో వచ్చే పార్కిన్సన్ చికిత్సకు దారి అక్కడే పడింది. ఆ ఎల్-డోపాను దూలగొండి గింజల నుంచి మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లోనే వేరుచేశారు. అది ఏ జబ్బుకు పనికొస్తుందో తెలియడానికి మరో రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

వణుకు, బిగుసుకుపోవడం సాధారణంగా మందు ఆపిన కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతాయి. మూతి, నాలుక తమంతట తాము ఆడుతూ ఉండే టార్డివ్ డిస్కినీసియా అంత తేలిగ్గా వదలదు, మందు మానేశాకా ఏళ్లపాటు మిగలవచ్చు. 1964లో దానికి ఆ పేరు పెట్టగా, దానికోసమే అమెరికా ఆమోదించిన మొదటి మందు వాల్బెనజైన్ 2017లో గానీ రాలేదు. విచిత్రమేమిటంటే, డోపమైన్‌ను నాడీకణంలోని సంచుల్లోకి చేర్చే ప్రోటీన్‌ను రిసర్పిన్ అడ్డుకున్నట్టే ఇదీ అడ్డుకుంటుంది, కాకపోతే పరిమితంగా, తాత్కాలికంగా.

వాంతులకు వాడే, డోపమైన్‌ను అడ్డుకునే మెటోక్లోప్రమైడ్‌ను 12 వారాలకు మించి వాడవద్దని అమెరికా 2009లోనే మందు సమాచార పత్రంలో పెట్టె కట్టి మరీ హెచ్చరించింది. కొత్తగా వణుకుతో వచ్చిన రోగి ఇన్నాళ్లూ వేసుకున్న మాత్రల అట్టలన్నీ తెమ్మని నరాల వైద్యుడు అడిగేది, అందులో ఇలాంటి మందు ఉందేమో చూడడానికే.